తొంభై ఆరు వాట్ల వేడి

2003 మే 11, ఆదివారం, ఉదయం 8 గంటల 12 నిమిషాలు. రేపల్లెలో మా ప్రార్థన మందిరంలో నాలుగు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు, పాస్టరు అయ్యగారి మైకు, మా ఆయన గిటారు యాంప్లిఫయరు పెట్టె ఒక్కసారే ఆగిపోయాయి. కరెంటు పోయింది అప్పుడు కాదు, 6.48కే పోయింది. అది ఎండాకాలం కోత. అప్పటినుంచి అన్నీ ఇన్వర్టరు మీద నడుస్తున్నాయి. 8.12కి బ్యాటరీ అయిపోయింది. ప్రసంగం అప్పుడే ముగిసింది, ఇంకా చివరి కీర్తన మిగిలి ఉంది. అందరూ గిటారు లేకుండానే పాడారు. మా ఆయన తీగల మీద వేళ్లు ఆనించి ఉంచి, పెదవులు మాత్రం కదిలించారు.

టైము చూసి రాసుకోవడం నా అలవాటు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పాను. అందులో చివరి ఇరవై రెండేళ్లు బాపట్లలోనే. మా ఆయన రైల్వేలో పార్సిల్ క్లర్కు, మొదట తెనాలిలో, తర్వాత బాపట్లలో. 1996లో ఆయన రిటైరయ్యారు, 1998లో నేను. 1999 జూన్‌లో ఆయన పుట్టిన ఊరని రేపల్లె వచ్చి, స్టేషనుకి దగ్గర్లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆయనకి స్నేహితులు తక్కువ, పేపరు చదవడం పది నిమిషాల పని. మిగిలిన రోజంతా గిటారే. వారం పొడుగునా సాధన చేసేది ఆదివారం నాలుగు కీర్తనలకి.

ఆ గిటారుకి శబ్దం ఇచ్చే పెట్టె, పాత రేడియోల్లా వాల్వులది. 1971 ఆగస్టులో తెనాలిలో రేడియోలు బాగుచేసే సాయిబు గారొకరు తన చేత్తో కట్టి ఇచ్చారు. పెద్ద గాజు వాల్వులు రెండు, చిన్నవి రెండు, కరెంటుని మార్చేది ఒకటి, మొత్తం ఐదు. ముందు గోనెరంగు గుడ్డ, పైన ఇనుప జాలీ. బరువు పదహారు కిలోలు. స్విచ్చి వేసిన నలభై సెకన్ల దాకా పలకదు. ఆ నలభై సెకన్లూ ఆయన దాని మీద చేతులు ఆనించి నిలబడేవారు. ప్రసంగం జరిగినంతసేపూ కూడా పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, రెండు చేతులూ జాలీ మీద పెట్టుకుని వినేవారు. కొందరు బల్ల మీద ఆనించుకున్నట్టే అనుకునేదాన్ని.

ఇన్వర్టరు ఆగిపోయిన మర్నాడు సంఘపెద్ద ఒకాయన మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, మొహమాటపడుతూ విషయం చెప్పారు. కోత ఉన్న ఆదివారాల్లో గిటారు పెట్టె ఇన్వర్టరుకి తగిలించొద్దని, కుర్రవాళ్ల కీబోర్డు పదిహేను వాట్లే తింటుంది కాబట్టి దాంతో సరిపెడదామని అనుకున్నారట. ఆ రోజుల్లో కోత లేని ఆదివారం ఏదీ? అంటే మా ఆయన ఇక కూర్చుని వినాల్సిందే. మా ఆయన సరేనండి అని, ఆయన్ని మెట్ల దాకా దిగబెట్టి వచ్చి, గిటారుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. అది పొద్దున్నే తుడిచిన గిటారు.

నేను అప్పుడే నిర్ణయించుకున్నాను, ఆ పెట్టె ఎంత తింటుందో లెక్క తేల్చి, ఆయన వాయించడం ఆగకుండా చూడాలని. నాకు చేతనైన సాయం లెక్క ఒక్కటే.

కింద వాటాకీ మాకూ మీటరు ఒక్కటే, పాతది. అద్దం వెనక అల్యూమినియం చక్రం, అంచున నల్ల గుర్తు. పన్నెండు వందల చుట్లు తిరిగితే ఒక యూనిట్ అని దాని మీదే రాసి ఉంది. ఇంట్లో అన్నీ ఆపేసి, ఆ పెట్టె ఒక్కటే వేసి, ఒక చుట్టుకి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తే వాట్లు తెలిసిపోతాయి. మూడు వేలని ఆ సెకన్లతో భాగిస్తే చాలు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులు, కరెంటు ఉన్నప్పుడల్లా, మెట్ల కింద మీటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైన ఆయన వాయిస్తుంటే ఒక చుట్టుకి ఇరవై ఐదు సెకన్లు, అంటే నూట ఇరవై వాట్లు. ఊరికే కూర్చోమంటే ఇరవై ఆరు సెకన్లు. వాయించినా వాయించకపోయినా దాదాపు అంతే తింటోంది. మొదటిసారి నేను నమ్మలేదు. పైకి కేకేసి అడిగాను.

"నిజంగా ఆపారా?"

"ఆపాను టీచరు గారూ. ఊపిరి కూడా ఆపమంటారా?"

కింద వాటా ఆవిడ ఫ్యాను లేక విసనకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఈ మొగుడూ పెళ్లాలకి వేరే పని లేదా అన్నట్టు చూసింది.

తెనాలి సాయిబు గారికి ఫోను చేసి మిగతాది తెలుసుకున్నాను. పూర్తిగా పెంచి వాయిస్తే బయటికొచ్చే శబ్దం ఇరవై నాలుగు వాట్లు. వాల్వుల లోపలి తీగలు ఎర్రబడి ఉండటానికే ముప్పై ఎనిమిది కావాలి. తక్కింది ట్రాన్స్‌ఫార్మర్లలో, వాల్వుల రేకుల్లో వేడిగా పోతుంది. నేను కాగితం మీద రెండు గళ్లు గీశాను. ఒక దాని పైన 'పనికొచ్చింది' అని రాసి కింద 24 వేశాను. రెండో దాని పైన 'వృథా' అని రాసి కింద 96 వేశాను. ఐదు పాళ్లలో నాలుగు పాళ్లు వృథా. క్లాసులో ఏ పిల్లయినా ఇలాంటి యంత్రం గురించి చెబితే, ఇది యంత్రమా పొయ్యా అని అడిగి ఉండేదాన్ని.

తర్వాత మందిరం ఇన్వర్టరు లెక్క. ఆ పాత బ్యాటరీ నుంచి వచ్చేది ఏడు వందల వాట్-గంటలు. ఫ్యాన్లు, లైట్లు, అన్నీ కలిపి లోడు ఐదు వందల వాట్లు. ఏడు వందల్ని ఐదు వందలతో భాగిస్తే గంటా ఇరవై నాలుగు నిమిషాలు. 6.48 నుంచి 8.12కి సరిగ్గా అంతే. లెక్క అంత కచ్చితంగా కుదిరేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. ట్రాన్సిస్టరు పెట్టె అయితే ఇరవై వాట్లే. అప్పుడు మొత్తం నాలుగు వందలు, గంటా నలభై ఐదు నిమిషాలు నడుస్తుంది. 8.30కి ఆరాధన ముగిసినా మూడు నిమిషాలు మిగులుతుంది.

కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. 'వృథా' అన్న గడి దగ్గర ఆగారు.

"ఆ వేడి కూడా ఏదో ఒకటి చేస్తుందిలే" అన్నారు.

"గది కాలుస్తుంది."

ఆయన నవ్వి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గిటారు కేసులో తీగలు దాచుకునే అరలో పెట్టుకున్నారు. నీ లెక్క తప్పదుగా, అలాగే కానివ్వు అన్నారు. నాకు కావాల్సిన మాట అదే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

మే 29, గురువారం. ఆయనే రిక్షా మాట్లాడి, పెట్టెని స్టేషనుకి తెచ్చి, తెనాలి పాసింజరులో నా కాళ్ల దగ్గర పెట్టారు. మీరూ రండి అంటే ఎండగా ఉందన్నారు. బండి కదిలే దాకా కిటికీ పక్కనే నిలబడ్డారు.

తెనాలిలో సాయిబు గారి కొట్టు మార్కెట్టు వెనక సందులో. ఆయన వయసు కూడా మా ఆయన వయసే. పెట్టెని చూడగానే లేచి, రెండు చేతుల్తో అందుకుని బల్ల మీద పెట్టుకున్నారు. లోపలికి టీ కోసం ఉర్దూలో కేకేశారు.

"సార్ రాలేదేంటమ్మా?"

"ఎండ కదండీ. ఇది ఇచ్చేసి ట్రాన్సిస్టరుది తీసుకెళ్తాను."

"సార్‌కి చెప్పే తెచ్చారా?"

"చెప్పే తెచ్చాను. దీన్ని విప్పేసి పనికొచ్చేవి వాడుకోండి."

సాయిబు గారు జాలీ మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు. నేను కాగితంలో ఉన్న లెక్క నోటితో చెప్పాను. ఆయన విని, లెక్క కరెక్టేనమ్మా అన్నారు. కొత్త పెట్టె బరువు ఐదు కిలోలు. తిరుగు ప్రయాణంలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి మీటరు చూస్తే ఒక చుట్టుకి రెండున్నర నిమిషాలు. ఇరవై వాట్లు. ఆయనకి చూపించడానికి మెట్ల కిందికి పిలిచాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఓపిగ్గా చూశారు.

జూన్ 1న కోత వచ్చింది. ఇన్వర్టరు 8.30 దాకా నిలబడింది. చివరి కీర్తన గిటారుతో పాడారు. సంఘపెద్ద నా దగ్గరికొచ్చి, మీ లెక్క మందిరాన్ని గట్టెక్కించిందమ్మా అన్నారు. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ సంగతి దాచుకోను.

శబ్దంలో తేడా నాకు తెలియలేదు. నాకు సంగీతం రాదు. ఆయన్ని అడిగితే, ఇది శుభ్రంగా ఉంది, అంతే అన్నారు. గట్టిగా మీటితే పాతది కొంచెం పొంగి ఆగేదట, ఇది గీత గీసినట్టు ఆగిపోతుందట. అది ఫిర్యాదు అనుకోలేదు నేను. డైరీలో మాత్రం కొన్ని రాసుకున్నాను. ఆగస్టు 17: ముసురు, ప్రసంగం జరుగుతుండగా చేతులు రుద్దుకున్నారు. అక్టోబరు 26: మూడో కీర్తన నెమ్మదిగా మొదలుపెట్టారు. నవంబరు 30: చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. తేదీలన్నీ సరిగ్గానే రాశాను. వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆయనకి కీళ్లవాతం 1997 చలికాలంలో, బాపట్లలోనే మొదలైంది. తెల్లవారుజామున వేళ్లు ముడుచుకుపోయి, ఎండెక్కాక వదిలేవి. మాత్రలు వాడుతున్నారు. ఎండాకాలం బాధ ఉండేది కాదు. అందుకే జూన్‌లో, జూలైలో ఏమీ కాలేదు.

డిసెంబరు 21న మంచు బాగా పడింది. ఆ నెలలో కోతలు లేవు, కరెంటు నిక్షేపంగా ఉంది. ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. ఆయన కొత్త పెట్టె మీద ఒకసారి చేతులు పెట్టి, తీసేసి, శాలువాలో దాచుకున్నారు. చివరి కీర్తనకి లేచి, మొదటి చరణం వాయించారు. రెండో చరణంలో ఉంగరం వేలు తీగ మీదికి దిగలేదు. ఆ వేలు గాలిలోనే ఉండిపోయింది. మళ్లీ ప్రయత్నించారు, తీగ బుర్రుమంది. ముందు వరసలో ఒకరిద్దరు తిరిగి చూశారు. కీబోర్డు దగ్గరున్నవాళ్లు శబ్దం పెంచి పాటని పట్టుకున్నారు, పాట ఆగలేదు. ఆయన స్విచ్చి ఆపి, కూర్చుని, గిటారుని కేసులో పెట్టి రెండు గొళ్లేలూ వేశారు. పాట ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక వేడినీళ్ల సంచీ గుడికి తీసుకెళ్దామన్నాను. గుడిలో అందరి ముందు కాపడం పెట్టుకోమంటావా అన్నారు. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లి బయట వేళ్లు ముంచుకోవచ్చన్నాను. వేళ్లు వేడిగా ఉండేది ఏడు నిమిషాలేనని నేనే వాచీ పెట్టి చూశాను, ఆ తర్వాత తడి వల్ల ఇంకా బిగుసుకునేవి. డిసెంబరు 28న ఆయన గిటారు తీసుకురాలేదు.

2004 జనవరి 6, మంగళవారం. పాత పెట్టెని వెనక్కి తెచ్చుకుందామని నేనొక్కదాన్నే తెనాలి వెళ్లాను. కోతలు లేనప్పుడైనా దాని మీద వాయిస్తారు కదా, తన పాత పెట్టె పక్కనుంటే ధైర్యం వస్తుందేమో అనుకున్నాను. అంతవరకే నా ఆలోచన.

సాయిబు గారు నా మాట విని, చేతిలోని టంకం కడ్డీ పక్కన పెట్టేశారు. పెట్టె లేదమ్మా, మీరే కదండీ విప్పేయమన్నారు అన్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒక స్టెబిలైజరులోకి పోయిందట. చిన్నదాని రాగి తీగ విప్పి వాడుకున్నారట. వాల్వులు ఐదూ బాపట్లలో పాత మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన పట్టుకెళ్లాడట. తర్వాత ఆయన బల్ల కిందనుంచి ఒక ఇనుప జాలీ తీసి నా ముందు పెట్టారు.

"ఇదొక్కటి ఉంచానమ్మా. సార్ అడిగి చేయించుకున్నది కదా."

"అడిగి చేయించుకున్నారా?"

"మొదట చిన్నది ఉండేది. వాల్వులకి అంతే చాలు. సార్ బాపట్ల నుంచి పెట్టె మోసుకొచ్చి, రెండు చేతులూ పట్టేంత జాలీ కావాలి సాయిబూ, దీని వేడి తగిలితేనే వేళ్లు వంగుతున్నాయి అన్నారు. మీకు తెలుసనుకున్నాను."

జాలీ పొడవు పదమూడు అంగుళాలు, వెడల్పు ఆరు. సాయిబు గారి దగ్గర స్కేలు అడిగి కొలిచాను. ఏం చేయాలో తోచక కొలిచాను.

అక్కడినుంచి స్టేషనుకి వచ్చి బాపట్ల బండెక్కాను. మైకుసెట్టు ఆయన కొట్టు వెతకడానికి గంట పట్టింది. ఆయన మర్యాదగా కుర్చీ వేశారు. పెద్ద వాల్వులు రెండూ కార్తీకమాసంలో ఒక ఊళ్లో ఓల్టేజీ పెరిగి పోయాయన్నారు. ఒకటి పారేశారు. రెండోది అల్మారాలోంచి తీసి ఇచ్చారు. గాజు పైభాగంలో లోపల వెండిరంగు మచ్చ ఉండాలి. అది పాలలా తెల్లబడింది. అంటే గాజు ఎక్కడో చీలి లోపలికి గాలి చొరబడిందన్నమాట, ఇక వెలగదు. చిన్న వాల్వుల సంగతి ఆయనకి గుర్తులేదు. కొత్తవి దొరుకుతాయా అని అడిగితే, ఎక్కడమ్మా, వాటిని అడిగేవాళ్లే లేరు అన్నారు. సాయిబు గారు మళ్లీ కట్టగలరేమో అని కూడా అనుకున్నాను, కానీ పొద్దున టంకం పెట్టేటప్పుడు ఆయనకి చూపు ఆనక కూతురు పక్కన నిలబడి చోటు చూపించడం నా కళ్లతో చూశాను.

చీరాల వైపు నుంచి వచ్చిన బస్సులో రేపల్లె చేరి, 5.40కి ఇంట్లో ఉన్నాను. ఆయన బాల్కనీలో పడమటి ఎండలో చేతులు చాపుకుని కూర్చుని ఉన్నారు. జాలీ, వాల్వు ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన వాల్వుని తీసి, ఎండకి అడ్డంగా పట్టి, తెల్లబడ్డ మచ్చని చూశారు.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?" అన్నాను.

"నువ్వు ఆరు రోజులు మెట్ల కింద కూర్చుని వేసిన లెక్క."

"తప్పని చెప్పాల్సింది."

"తప్పు లేదుగా. నేను రెండుసార్లు చూశాను."

తర్వాత ఆయన, ఎండ పోతోంది, లోపలికి పద అన్నారు. ఈ విషయం మా మధ్య మళ్లీ రాలేదు.

2004 మే 9, ఆదివారం. మళ్లీ కోతలు మొదలయ్యాయి. గుడి ఊడ్చే పెద్దావిడ, ట్యూబులైట్ల చోకు గుయ్యిమని మోగుతోందని, ఏడు గంటలకి రెండు లైట్లూ ఆపేసింది. ఎవరూ గమనించలేదు. తూర్పు కిటికీల్లోంచి ఎండ వచ్చి పాటల పుస్తకాల మీద పడుతోంది, చిన్న అక్షరాలు కూడా చక్కగా కనిపిస్తున్నాయి. మే నెల, పొద్దున ఏడు గంటలు. ఆరాధన అంటే లైట్లు వేసి ఉండాలి, మా చిన్నప్పటినుంచీ అంతే, ఎవరూ ఎందుకని అడగరు. నేనూ అడగలేదు. ఆ లెక్క కాగితం మీద నేనే రాశాను: ట్యూబులైట్లు రెండు, చోకులతో కలిపి వంద వాట్లు. పాత పెట్టెకీ కొత్త పెట్టెకీ తేడా వంద వాట్లు. ఆ రెండు లైట్లు ఆపితే అదే నాలుగు వందలు, అదే గంటా నలభై ఐదు నిమిషాలు, అదే మూడు నిమిషాల మిగులు. గోడ మీద స్విచ్చి నా కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఐదు పాళ్లలో నాలుగు పాళ్లు పారేస్తున్న పెట్టె మీద నాకు కోపం వచ్చి, మిగతా వస్తువుల్ని చూడనే లేదు.

ఆయన నా పక్కనే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని పాడుతున్నారు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను. మలుపు దగ్గర చెబుదామనుకున్నాను, మెట్ల దగ్గర చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఈ ఒక్క లెక్క ఆయనకి చూపించలేదు.

2006 ఫిబ్రవరి 9, గురువారం, ఉదయం 9.20కి ఆయన గుండెపోటుతో పోయారు. గిటారు కేసు తెరిచి చూస్తే తీగల అరలో నా కాగితం ఉంది, నాలుగు మడతలతో. 'వృథా' అన్న మాటని ఆయన కొట్టివేయలేదు. దాని పక్కన ఏమీ రాయలేదు.

ఇప్పుడు మొత్తం వేశాను.

ఆదా అయినది: వంద వాట్లు, ఆదివారానికి 6.48 నుంచి 8.30 దాకా లెక్కేసి గంటా నలభై రెండు నిమిషాల చొప్పున, ముప్పై ఆదివారాలు. 5.1 యూనిట్లు.

పోయినవి: వాల్వులు ఐదు, అందులో ఒకటి నా దగ్గర ఉంది, పనిచేయదు. ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. పెట్టె ఒకటి, ముప్పై ఒక్క ఏళ్ల తొమ్మిది నెలలు వాడినది. 2003 డిసెంబరు 28 నుంచి 2006 ఫిబ్రవరి 5 దాకా, ఆయన ఉండి కూడా వాయించని ఆదివారాలు నూట పదకొండు. వారానికి నాలుగు కీర్తనల చొప్పున నాలుగు వందల నలభై నాలుగు.